నలుగురికే పట్టిన పిలుపు

ఆ రోజుల్లో ప్రపంచంలో ఉన్న ప్రతి వ్యవహారాన్నీ రెండు బ్రాకెట్ల మధ్య ఇరికించవచ్చని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఇప్పుడు అంత నమ్మకం లేదు. ఇప్పుడు నేను నమ్మేవి రెండే. ఏ మీటింగూ అనుకున్న టైముకు అయిపోదు, నా నడుము నొప్పి తగ్గదు. హైదరాబాదులో ఒక గాజు బిల్డింగులో కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పొద్దస్తమానం "వినిపిస్తున్నదా, వినిపిస్తున్నదా" అని అడిగే ఉద్యోగం నాది. మొన్నొక రోజు కొత్తగా చేరిన అమ్మాయి రాసిన ప్రోగ్రాం చూస్తున్నాను. జావాస్క్రిప్టులో ఒక ఫంక్షను రాసి, దాని బ్రాకెట్లో మూడు చుక్కలు పెట్టి, చుక్కల పక్కన ఒక పేరు రాసి చేతులు దులుపుకుంది. ఇక ఎన్ని ఇచ్చినా, రెండిచ్చినా ఇరవై ఇచ్చినా, ఆ చుక్కలు అన్నిటినీ లోపలికి తీసుకుంటాయి. నేను వాటికేసి చాలాసేపు చూస్తూ ఉండిపోయేసరికి ఆ పిల్ల కంగారుపడి "ఏమైనా తప్పుందా సార్?" అంది. లేదమ్మా, బాగుంది అన్నాను. ఆ మూడు చుక్కలు తెలియక మా ఇంట్లో ఒక దావత్ ఏమైపోయిందో ఆ పిల్లకు చెప్పే ఓపిక నాకు లేకపోయింది. మీరు నాతో మీటింగులో లేరు కాబట్టి మీకు చెబుతాను.

రాష్ట్రం వచ్చిన కొత్త. డిగ్రీ చదివిన నా దోస్తులందరూ నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ కోచింగ్ సెంటర్లలో కూర్చుంటే, నేను మహబూబ్‌నగర్‌లో ఒక చిన్న ఆఫీసులో చేరాను. బస్టాండుకు కాస్త అవతల, కింద ఎరువుల దుకాణం, పైన మేము. (ఇప్పటికీ ఎక్కడైనా యూరియా వాసన వస్తే నా వేళ్లు కీబోర్డు కోసం వెతుకుతాయి.) ప్రైవేటు బడులకు, బోర్లు వేసే బండ్లవాళ్లకు, ట్రాక్టరు షోరూములకు వెబ్ పేజీలు చేసి ఇవ్వడం మా పని. నాకు పని నేర్పింది నాకంటే నాలుగైదేళ్లు పెద్దదైన ఒక అక్క. లైను చివర పెట్టాల్సిన సెమికోలన్ మరిచిపోతే ఆవిడ స్కేలుతో బల్ల మీద కొట్టేది. అందుకని మేమంతా ఆవిడను సెమికోలన్ అక్క అనేవాళ్లం, ఆవిడ లేనప్పుడు. అక్క పెట్టిన భిక్షే నాకు ఇప్పటికీ తిండి పెడుతున్నది గానీ, అప్పటికి నాకు వచ్చింది మాత్రం గోరంత. ఆ గోరంతకే కొండంత పొగరు.

మా ఊరు దేవరకొండకు అవతల, నాలుగు ఇళ్ల పల్లె. ఇంటిదగ్గర గొర్రెల మంద. మేము గొర్రెలను గొర్రెలనం, జీవాలంటాం. మా బాపు పుట్టినప్పటి నుంచీ జీవాల వెంట తిరిగిన మనిషి, మాట పొదుపు. నా ఉద్యోగం మీద ఆయనకు ఒకే ఒక్క అనుమానం. "జీవాల ఎంబడి తిరిగినోనికి పొద్దుమూకితే కాళ్లు నొయ్యాలె. గా కుర్సీల కూసున్నోనికి ఏం నొస్తదిరా?" అని అడిగేవాడు. నా దగ్గర అప్పట్లో జవాబు లేదు. (ఇప్పుడుంది బాపూ. మెడ, నడుము, మణికట్టు, కళ్లు, ఇంకా పేరు తెలియని చోట్లు కొన్ని.)

ఇక మా దిక్కు పిలుపుల సంగతి చెప్పకపోతే ఈ కథ నడవదు. దావత్‌కు రెండు రకాలుగా పిలుస్తాం. ఒకటి, "ఇంటికొకరు రాండ్రి" అనడం. అది దూరపు వాళ్లకు, ఊరి వాళ్లకు. రెండోది, "రేపు మీ ఇంట్ల పొయ్యి ముట్టియ్యొద్దు" అనడం. అది అయినవాళ్లకు. పొయ్యి ముట్టించవద్దన్నారంటే ఆ ఇంట్లో ఆ రోజు ఎవరుంటే వాళ్లంతా రావాల్సిందే. చంటిపిల్ల దగ్గర్నుంచి జీతగాడి దాకా, ముందురోజు ఊరికే చూసిపోదామని వచ్చిన చుట్టంతో సహా. ఎంతమంది వస్తారని మాత్రం అడగకూడదు. అడిగితే రావద్దన్నట్టే లెక్క. పిలిచినవాడికి లెక్క తెలియకపోవడమే ఆ పిలుపులో ఉన్న మర్యాద.

మా ఇంట్లో జరిగిన పాత దావత్‌లో ఆ మర్యాదే తప్పింది. కొత్తకోట పక్క పల్లెలో మా మేనత్త ఉంటుంది, బాపుకు సొంత అక్క. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్లు, పిల్లలు, జీవాల కాడికి పెట్టుకున్న మనిషి, అందరూ ఒక్క కప్పు కింద. మా చుట్టాల్లో అందరివీ చిన్న కాపురాలైపోయినా అత్త ఇల్లు మాత్రం ఇంకా విడిపోలేదు. బాపు ఆ దావత్‌కు అటువైపు సంతకు పోతున్న ఒకాయనతో కబురు పంపాడు. ఆయన కొత్తకోట దిక్కున్న ఇళ్లన్నిటికీ ఒకే మాట చెప్పుకుంటూ పోయాడు, ఇంటికొకరు రమ్మన్నారని. అత్తకూ అదే చెప్పాడు. అత్త రాలేదు. "నేను పుట్టిన ఇంటికి నేనొక్కదాన్ని పరాయిదాని లెక్క పోవాల్నా?" అన్నదట. బాపు వెంటనే పోయి, కబురు తప్పు పోయిందక్కా అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆయన అనలేదు. "ఎవడో అన్న మాట పట్టుకొని తోడబుట్టినోని ఇంటికి రాకుంటదా?" అని ఆయనా ముడుచుకున్నాడు. అంతే, ఏళ్లు గడిచిపోయాయి. మధ్యలో నలిగింది మా అవ్వ. బాపుకూ అత్తకూ తల్లి కదా. ఏ పండుగొచ్చినా ఇస్తారి ముందు కూర్చుని రెండు ముద్దలు కెలికి లేచేది. "నా బిడ్డ ఈ గడప తొక్కినంక తింట తియ్" అనేది.

ఆ ఏడు మా ఇంట్లో ఎల్లమ్మ పండుగ చేయాల్సి వచ్చింది. ఈసారి అక్కను పిలవాలని బాపు నిర్ణయించుకున్నాడు. ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. మందలో చెవి మీద తెల్ల మచ్చ ఉన్న పొట్టేలును విడిగా కట్టేసి, దానికి మంచి ఆకు తెచ్చి వేయడం మొదలుపెట్టాడు. "ఎవరికోసం బాపూ?" అంటే "అక్కోళ్లు మస్తుమంది గద" అన్నాడు. మా అమ్మ రెండు బస్సులు మారి పోయి, అత్తకు బొట్టు పెట్టి, "వదినె, పొయ్యి ముట్టియ్యొద్దు" అని నోరారా చెప్పి వచ్చింది. అత్త ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. "చూస్తం" అన్నదట. ఆ ఒక్క ముక్కతో బాపుకు నిద్రపట్టలేదు. వస్తుందా, వస్తే ఎంతమందితో వస్తుంది? అడగడానికి వీల్లేదు. అడగకుండా ఉండడం ఆయన వల్ల కావడం లేదు.

అప్పుడు నేను రంగంలోకి దిగాను. (నన్నెవరూ పిలవలేదని గమనించాలి.) "బాపూ, ఎంతమంది అని అడగొద్దు. పేర్లు అడుగుదాం. నేనొక పేజీ చేస్తా. ఫోన్ల లింకు పంపుదాం. ఎవరింట్ల వాళ్లు వచ్చేటోళ్ల పేర్లు కొడతరు. పేరుపేరునా పిలిచినట్టుంటది, కూర లెక్కా తెలుస్తది" అన్నాను. అక్కతో మాట్లాడకుండానే అక్క ఇంటి సంగతి తెలిసే దారి దొరికిందని ఆయన మొహం చూస్తే అర్థమైంది. "మంచిగున్నది. చెయ్" అన్నాడు. మా బాపు నా పనిని మెచ్చుకోవడం అదే మొదలు. ఆ ఊపులో నాకు కాళ్లు భూమి మీద ఆనలేదు.

మహబూబ్‌నగర్ పోగానే కూర్చుని రాశాను. ఫంక్షను అంటే మరేం లేదు, చెప్పిన పని చేసిపెట్టే చిన్న మర లాంటిది. బ్రాకెట్లో సరుకిస్తే తీసుకుని పనిచేసి ఫలితం చేతిలో పెడుతుంది. ఆ సరుకునే ఆర్గ్యుమెంట్లు అంటారు. నా ఫంక్షను పని, ఒక ఇంటి పేర్లు తీసుకుని వరసగా చూపించి, తలకింత చొప్పున మొత్తం కూరలో కలపడం. వచ్చిన పేర్లన్నిటినీ ఒకేసారి దాని చేతికి అందించడానికి సెమికోలన్ అక్క 'అప్లై' అని ఒక లైను రాసిచ్చింది. అందుకునే ఫంక్షను మాత్రం నా సొంత కష్టం. అందులో మనుషులకు నాలుగు ఖానాలు, అంటే గళ్లు, పెట్టాను. నాలుగే ఎందుకంటే మా ఇంట్లో మేం నలుగురం కాబట్టి. బాపు, అమ్మ, అవ్వ, నేను. మా పేర్లే కొట్టి చూశాను, బ్రహ్మాండంగా నడిచింది. ప్రపంచం మా ఇంటంతే ఉంటుందని అనుకున్నాను కాబోలు.

సెలవుకు ఇంటికొచ్చి బాపుకు ఫోనులో చూపించాను. అప్పటికి కొన్ని ఇళ్లవాళ్లు పేర్లు కొట్టారు. మా చిన్నమ్మమ్మ వాళ్లింట్లో ముసలి దంపతులిద్దరే. వాళ్ల వరసలో ఇద్దరి పేర్లు, ఆ పక్కన ఇంగ్లీషులో ఇంకో ముక్క రెండుసార్లు ఉంది. "గీడ ఏం రాసి ఉన్నది?" అన్నాడు బాపు. "అన్‌డిఫైన్డ్ బాపూ" అన్నాను. "ఎవరోళ్లు?" "ఎవరూ కాదు. మనుషులు తక్కువై జాగా ఖాళీగుంటే అది గట్ల రాసుకుంటది." బాపు ఫోను దగ్గరగా పెట్టుకుని చూశాడు. వాళ్లిద్దరి కొడుకు ఎప్పుడో పాము కరిచి పోయాడు, కూతురు ఎక్కడో దూరాన ఉంటుంది. "రాని మనుషులకు గూడ కూర ఏసిందా గిది?" అన్నాడు. వేసిందని ఒప్పుకున్నాను, లెక్కలో అదీ కలిసింది. "మంచి గుణమే" అన్నాడు. నేను సిగ్గుపడి, ఖాళీ జాగాలను లెక్కలోంచి తీసేసే లైను ఒకటి అప్పటికప్పుడు రాసి సరిచేశాను. తక్కువైతే ఏమవుతుందో తెలిసింది కదా, మరి ఎక్కువైతే ఏమవుతుందని నా బుర్రకు తట్టనే లేదు. కళ్లకు కనపడ్డ తప్పును దిద్దుకుని, ఇక అంతా బాగుందనుకున్నాను. ఆ అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు.

పండుగ దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం అత్త వాళ్లింటి పేర్లు వచ్చాయి. నేను కేక పెట్టాను. బాపు చేతిలో పని వదిలేసి వచ్చాడు, అవ్వ మంచం మీదినుంచి లేచి కూర్చుంది. "సదువు" అన్నాడు బాపు. చదివాను. అత్త పేరు, పెద్దబావ పేరు, ఆయన భార్య పేరు, వాళ్ల పెద్దపిల్ల పేరు. అంతే. "ఇంక?" అన్నాడు. "అంతే బాపూ." "జర మంచిగ చూడు." మంచిగానే చూశాను. నలుగురు. నడిపోడి కుటుంబం లేదు, చిన్నోడి కుటుంబం లేదు. బాపు మొహంలో వెలుగు ఎట్లా దిగిపోయిందో నాకు ఇప్పటికీ గుర్తే. "పొయ్యి ముట్టియ్యొద్దంటె నలుగుర్ని తోలుతున్నదా? అంటె మిగితోళ్లకు ఆడ పొయ్యి ముట్టిస్తదన్నమాట. ఇంక కోపం పోలేదు" అన్నాడు. అవ్వ మళ్లీ అటు తిరిగి పడుకుంది. బాపు పోయి తెల్ల మచ్చ పొట్టేలు తాడు విప్పి మందలోకి వదిలేశాడు. వంటవాళ్లకు నా ఫోను చెప్పిన లెక్క ప్రకారమే చెప్పమన్నాడు. నా లెక్కను ఇంట్లో నమ్మడం కూడా అదే మొదలు.

పండుగ రోజు ఆదివారం. పొద్దు నెత్తి మీదికొచ్చేసరికి దావత్ మంచి ఊపులో ఉంది. రెండు బంతులు లేచాయి, మూడో బంతి కూర్చుంటున్నది. అప్పుడు కచ్చా రోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ ఒక డీసీఎం సరుకుల బండి వచ్చి మా వాకిట్లో ఆగింది. వెనక తలుపు తెరవగానే మనుషులు దిగడం మొదలుపెట్టారు. పెద్దబావ, నడిపి బావ, చిన్న బావ, వాళ్ల భార్యలు ముగ్గురక్కలు, చంకల్లో పిల్లలు, కాళ్లకు అడ్డం పడే పిల్లలు, జీవాల కాడ ఉండే మనిషి, చిన్న బావ అత్తామామలు, ఇంకెవరో నేనెరగని ఒక తాత. దిగుతూనే ఉన్నారు. ఆఖరున అత్త దిగి కొంగు సర్దుకుని నిలబడింది. అవ్వ కర్ర కూడా పట్టుకోకుండా వాకిట్లోకి నడిచింది. బాపు అక్కను చూశాడు, బండిని చూశాడు, మనుషులను చూశాడు, తర్వాత నెమ్మదిగా తల తిప్పి కూర వండిన గంజుల వైపు చూశాడు. సంతోషం, భయం ఒకే మొహంలో ఒకేసారి నేనప్పుడే చూశాను.

వాళ్లు కాళ్లు కడుక్కుని కూర్చునేసరికి మూడో బంతికి కూర అయిపోయింది. అడుగున పులుసు, నాలుగు ఎముకలు. గొర్రెల మంద ఉన్న ఇంట్లో కూర తక్కువ కావడమంటే చెరువు పక్కనున్నవాడి ఇంట్లో తాగడానికి నీళ్లు లేకపోవడమే. ఇస్తారుల ముందు అత్త ఇంటి మనుషులంతా వరసగా కూర్చుని ఉన్నారు, వడ్డించేవాళ్లు గంజులోకి చూసి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అత్తకు విషయం అర్థమైంది. లేచి బాపు ముందుకొచ్చింది. ఏళ్ల తర్వాత తమ్ముడితో ఆవిడ మాట్లాడిన మొదటి మాట ఇది: "ఏం తమ్మీ, మల్ల ఇంటికొకరికే వండినవా?"

"నువ్వే గదక్కా నలుగురమే వస్తమని పేర్లు పంపినవ్" అన్నాడు బాపు. "నేనా? నలుగురా?" అని అత్త పెద్దబావ వైపు తిరిగింది. పెద్దబావ లేచి, "నేనే కొట్టిన మామా. అందరి పేర్లు కొట్టిన. ఇంట్ల కుక్క ఉన్నదంటే దాని పేరు గూడ కొట్టిన" అన్నాడు. ఇక అందరూ నావైపు చూశారు. నేను ఫోను పట్టుకుని జీవాల కొట్టం వెనక్కి పోయి సెమికోలన్ అక్కకు ఫోన్ చేశాను. అక్క బట్టలు ఉతుకుతున్నట్టుంది, నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. సంగతి చెప్పాను. "మీ అత్తోళ్లింట్ల ఎంతమంది?" అంది. లెక్క లేదన్నాను. "నీ ఫంక్షన్ల ఎన్ని ఖానాలు పెట్టినవ్ తమ్మీ?" "నాలుగు." నీళ్ల చప్పుడు ఆగింది. "మరి అయిదో మనిషొస్తే ఏమైతదనుకున్నవ్?" "తప్పని చూపిస్తదనుకున్న అక్కా." అక్క పడిపడి నవ్వింది. "వేరే భాషలైతే గడపల్నే ఆపి లొల్లి చేస్తయి. ఇది చెయ్యది. ఎంతమందినిచ్చినా రమ్మంటది, పేరున్న నలుగుర్ని పీటల మీద కూసోబెడ్తది, మిగితోళ్ల ముచ్చట ఎత్తది. అందరూ ఆర్గ్యుమెంట్స్ అని ఒక వెనక అర్రల ఉంటరు. నువ్వు పోయి చూడాలె. చూసినవా?" అంది. చూడలేదు. అట్లాంటి గది ఒకటుందనే నాకు తెలియదు.

తిరిగి వాకిట్లోకి వచ్చి, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని చెప్పాను. "బాపూ, అత్త అందరి పేర్లు పంపింది. నా దానిల నాలుగే పట్టినయి. మిగితా పేర్లు లోపటికి వచ్చినయి గని నేను చూసుకోలే." నా మాట ఎవరికీ అర్థం కాలేదు. చిన్న బావ మామ అయితే ఫోనులో బ్యాలెన్స్ అయిపోయిందనుకుని అందరికీ అదే చెబుతున్నాడు. అవ్వ ఒక్కతే నన్ను దగ్గరికి పిలిచి అడిగింది. "అంటె నా బిడ్డ అందరొస్తమనే చెప్పిందా?" చెప్పిందన్నాను. "నీ మిషన్‌కు నలుగురికంటె ఎక్కువ తెల్వదా?" తెలియదన్నాను. అవ్వ బాపు వైపు తిరిగి, "ఇన్నవారా? గది మిషను. దానికి అక్క తెల్వదు, తమ్ముడు తెల్వదు. నీకేమైంది? పో, పొట్టేలును పట్కరా. పొయ్యి ముట్టియ్యుండ్రి" అంది. ఆ ముసలి గొంతులో అంత జోరు నేను అంతకుముందు వినలేదు.

బాపు పరుగెత్తాడు, నేనూ వెంట పరుగెత్తాను. మంద పత్తి ఏరిన చేనులో మేస్తోంది. వదిలేసిన రోజు నుంచీ ఆ తెల్ల మచ్చ పొట్టేలుకు స్వేచ్ఛ బాగా ఒంటబట్టినట్టుంది, మమ్మల్ని చూడగానే ఉరికింది. నేను ఇస్త్రీ చొక్కాలో, మహబూబ్‌నగర్‌లో కొన్న కొత్త బూట్లలో ఉన్నాను. "గా దిక్కు అడ్డం నిలవడు" అని బాపు అరిచాడు. నిలబడ్డాను. పొట్టేలు నా మోకాళ్ల పక్క నుంచే పోయింది. రెండోసారీ పోయింది. మూడోసారి నేను దాని మీద పడబోయి పత్తికట్టెల్లో పడ్డాను, చొక్కా జేబు ఊడొచ్చింది. "మనుషుల్ని నలుగురికి మించి పట్టుకోలేవు, ఒక్క పొట్టేలునన్న పట్టరాదురా" అని బాపు రొప్పుతూ అన్నాడు. చివరికి ఆయనే దాని కొమ్ము దొరకబుచ్చుకున్నాడు. ఇద్దరం చేనులో కూలబడ్డాం. ఆయన కాళ్లూ నొప్పే, నా కాళ్లూ నొప్పే. "నీ కొలువు గూడ కష్టమేరా" అన్నాడు. ఎందుకన్నాడో నాకు తెలియదు, నేను అడగలేదు.

మేం వచ్చేసరికి వంటవాళ్లు కొత్త పొయ్యికి రాళ్లు పెడుతుంటే, అత్త వాళ్లను పక్కకు జరిపి తానే కూర్చుంది. "పొయ్యి ముట్టియ్యొద్దని పిలిచి నాతోటే పొయ్యి ముట్టిస్తున్నవా తమ్మీ?" అంది. బాపు ఎదురుగా కూర్చుని కట్టెలు సర్దుతూ, "గా పాత దావత్‌కు నేను ఇంటికొకరని చెప్పి పంపలేదక్కా" అన్నాడు. అన్నేళ్లు ఆయన నోట్లోనే ఉండిపోయిన మాట అది. "నాకు ఎరుకనేరా. నువ్వొచ్చి చెప్తవని చూసిన" అంది అత్త, కళ్లు తుడుచుకుంది. పొగ వల్ల కాదు, పొయ్యి ఇంకా ముట్టనే లేదు. కూర ఉడికేసరికి పొద్దు వాలింది. అంతసేపూ వాళ్లిద్దరూ ఆ పొయ్యి ముందు నుంచి లేవలేదు. చిన్నప్పటి జీవాల పేర్లన్నీ గుర్తు చేసుకున్నారు, పోయినవాళ్లను తలుచుకున్నారు, మధ్యలో ఉప్పు దగ్గర పోట్లాడుకున్నారు కూడా. కూర సరిపోయి ఉంటే అత్త తిని, చెయ్యి కడుక్కుని, మళ్లొస్తమని బండెక్కి ఉండేది. ఆకలికి పిల్లలు ఏడుస్తుంటే పెద్దబావ నా దగ్గరకొచ్చి, "బామ్మర్దీ, కుక్కకన్న పెట్టింటదా నీ మిషను?" అని ఏడిపించాడు. ఆ రోజు అవ్వ కూర రెండుసార్లు వేయించుకుని తిన్నది.

ఆఫీసుకు పోయాక ఆ ఫంక్షనును మళ్లీ రాశాను. కొత్తగా మూడు చుక్కలొచ్చాయని అక్క అప్పుడే చెప్పింది గానీ, మా చుట్టాల పాత ఫోన్లలో అవి నడవవని ఆర్గ్యుమెంట్స్‌నే వాడమంది. అదీ చూడ్డానికి వరసలాగే ఉంటుంది గానీ అచ్చమైన వరస చేసే పనులన్నీ చేయదు. (జీవాల కాడ చేతిలో కర్ర పట్టుకున్న నన్ను చూసి బాపు అనే మాట కూడా దాదాపు అదే.) ఆ చుక్కల సంగతి అత్తకు మాత్రం ఫోనులో చెప్పాను. పేరు ముందర మూడు చుక్కలు పెడితే ఎంతమందొచ్చినా పడతారత్తా అన్నాను. ఆవిడకు అది తెగ నచ్చింది. అప్పటినుంచి మా ఇంట్లో ఏ దావత్‌కు పిలిచినా "మూడు చుక్కలు పెట్టుకున్నవా అల్లుడా?" అని అడిగేది. బాపు పద్ధతి వేరు. ఏ దావతైనా వంటవాళ్లకు మనుషుల లెక్క చెప్పాక, "గా అన్‌డిఫైన్డోళ్లకు గూడ ఓ గంజు ఎక్కియ్యుండ్రి" అనేవాడు. వంటవాళ్లు వాళ్లెవరో దూరపు చుట్టాలనుకునేవారు.

ఈమధ్య నేను కొన్న ఫ్లాటు గృహప్రవేశం పెట్టుకున్నాం. అవ్వ లేదు ఇప్పుడు. వంటకు మాట్లాడుకున్నతను రోజూ ఫోన్ చేసి "కౌంట్ చెప్పండి సార్" అంటాడు. ఆఫీసు నుంచి వచ్చి సోఫాలో కూలబడి అత్తకు ఫోన్ చేశాను. "అత్తా, ఆ రోజు పొయ్యి ముట్టియ్యొద్దు" అన్నాను. అత్త నవ్వింది, ఆ నవ్వులో ఇప్పుడు ఆయాసం కలిసింది. "ముట్టియ్య తియ్ అల్లుడా. మూడు చుక్కలు పెట్టుకున్నవా?" పెట్టుకున్నానన్నాను. "ఒద్దు తియ్. ఇప్పుడు నలుగురమే ఉన్నం. నేను, పెద్దోడు, కోడలు, చిన్న పోరి. నడిపోడు బెంగళూరు దిక్కు లారీ తోలుతుండు, పిల్లజెల్లల్ని గూడ ఆడికే తోలుకపోయిండు. చిన్నోడు అత్తగారి ఊర్ల ఇల్లు కట్టుకున్నడు. జీవాలు అమ్మేసినం. డీసీఎం అక్కర లేదు, బస్సుకొస్తం. నీ పాత దానిలనే పడ్తం బిడ్డా" అంది.

ఆవిడ హాస్యానికే అంది, నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాను. ఎప్పుడో తప్పు రాసిన నాలుగు ఖానాల ఫంక్షను, ఒక్క అక్షరం మార్చకుండానే ఇన్నేళ్లకు సరిపోయింది. రాసినవాడికి సంతోషం కలగాలి. నాకు ఏడుపొచ్చింది. గృహప్రవేశం పనికని ముందే వచ్చిన బాపు ఎదురుగా కుర్చీలో కూర్చుని మోకాళ్లు ఒత్తుకుంటున్నాడు. "అక్కోళ్లు ఎంతమంది?" అన్నాడు. మా బాపు నోట ఆ ప్రశ్న నేను మొదటిసారి విన్నాను. "నలుగురు బాపూ" అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "గా అన్‌డిఫైన్డోళ్లకు గూడ ఇస్తార్లు ఎయ్యమను" అన్నాడు.

వంటతను మళ్లీ ఫోన్ చేస్తే నోటికొచ్చినంత పెద్ద లెక్క చెప్పాను. "అంతమంది వస్తారా సార్?" అన్నాడు. రారు బాబూ, అయినా వండు అన్నాను. ఎరువుల దుకాణం మీద కూర్చుని, తన ఇంటిని చూసుకుని నాలుగు ఖానాలు గీసి మురిసిపోయిన ఆ పిల్లగాడు ఇప్పుడు నా ఎదురుగా ఉంటే చెవి మెలిపెట్టేవాణ్ని. మెలిపెట్టి, ఆ ఖాళీ ఇస్తారుల్లో ఒకదాని ముందు కూర్చోబెట్టి, ముందు కడుపునిండా తినరా అనేవాణ్ని.